చేట మూసిన ఆట

ఇది ఇంతకుముందే రాయవలసింది. మొదట్లో రాయలేకపోయింది అక్షరాలు రాక. నందిగామలో మా పుట్టింటి ముందుగదే కిరాణా కొట్టు. అన్నయ్య బడికి వెళితే పొట్లాలు కట్టడానికి ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషి నేనయ్యాను. పాత పేపర్లు చించి కందిపప్పూ చింతపండూ చుట్టి ఇచ్చేదాన్ని. అన్ని అక్షరాలు నా వేళ్ల మధ్య నుంచే పోయాయి, ఒక్కటీ నా దగ్గర ఆగలేదు. యాభై దాటాక, జగ్గయ్యపేటలో మా కోడలు పలక కొనిచ్చి నేర్పింది. నేర్చుకున్నాక కూడా ఇది రాయలేదు. అప్పటికి ఆట నడుస్తోంది. నడుస్తున్న ఆట గురించి బయట మాట్లాడకూడదని మా వదిన పెట్టిన పద్ధతి.

వదిన అంటే అన్నయ్య భార్య. ఆమె కాపురానికి వచ్చేసరికి నాకింకా పెళ్లి కాలేదు. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక కొట్టు వెనక వరండాలో సుద్దతో గీతలు గీసి పులీమేకా ఆడేవాళ్లం. నావి మూడు పులులు, గులకరాళ్లు. ఆమెవి మేకలు, చింతగింజలు. పులి మేక మీదుగా దూకితే మేక పోతుంది. పులులు కదలడానికి చోటు లేకుండా చుట్టుముడితే మేకలు గెలుస్తాయి. వదిన ఒక్క గింజ జరపడానికి ఎంతసేపైనా కూర్చునేది.

"జరుపు వదినా, నీ మేకలు ముసలివైపోతన్నాయి."

"ముసలి మేకని కొరికితే నీ పులికే పళ్లూడతాయ్. కూర్చో."

ఆట మధ్యలో ఎవరో ఒకరం లేవవలసి వచ్చేది. బేరం వస్తుంది, పాలు పొంగుతాయి. అప్పుడు కోళ్లు గింజలు చెదరగొట్టకుండా ఆట మీద చేట బోర్లించేవాళ్లం. అయితే లేచే మనిషి చేట ముట్టుకోకూడదు. కూర్చున్న మనిషే మూయాలి. నేను ఓడిపోయేటప్పుడు ఏదో పనుందని లేవబోతే వదిన చేట వైపు చూసేది కూడా కాదు.

"ఏం పనమ్మాయ్? పులికి ఇల్లూడ్చే పనుంటదా?" అనేది.

పెళ్లయి జగ్గయ్యపేట వచ్చాను. దూరమేమీ కాదు, ఒక్క బస్సు. పండక్కీ పబ్బానికీ అన్నయ్య వచ్చి తీసుకెళ్లేవాడు. అన్నయ్య పోయాక పిలవడానికి ఎవరూ రాలేదు. పిలవకుండా పుట్టింటికి వెళ్లడం నాకు తెలియదు. పిలిచే హక్కు తనకుందని వదిన అనుకోలేదేమో. అలా ఏళ్లు గడిచాయి.

మా కోడలిది ఇంట్లోంచే చేసే ఉద్యోగం. ఫోన్లో ఆడుకునే ఆటలు తయారుచేసే కంపెనీ. మేడమీది గదిలో కూర్చుని ఆటలో ఒక్కొక్కరి వంతుకు ఎంత సమయం ఇవ్వాలో తేల్చడం ఆమె పని. పులీమేకా తయారైనప్పుడు పరీక్షించి చూడటానికి నా ఫోన్లోనూ నందిగామలో వదిన ఫోన్లోనూ పెట్టించింది. మొదటిరోజే ఫోన్ మోగింది. వదిన ఆటకు పిలుస్తున్నట్టు అందులో రాసి ఉంది. కూడబలుక్కుని చదివాను. అన్నయ్య పోయాక ఆ ఇంటినుంచి నాకు వచ్చిన మొదటి పిలుపు అది.

మొదట కోడలు వంతుకు పది నిమిషాలు పెట్టింది. వదిన కొట్టులో నూనె కొలిచి వచ్చేసరికి గడువు దాటిపోయేది. నా ఫోన్లో పువ్వులు రాలి "మీరు గెలిచారు" అని వచ్చేది. నేనైతే "మీ వంతు" అన్నది చదివేసరికే కొంత పోగొట్టుకునేదాన్ని.

"తప్పు నాదే అత్తయ్యా. చదవడానికి పట్టే టైమ్ కూడా ఆలోచనలోనే కలిపేశా," అంది కోడలు.

తరవాత వంతుకు ఒక రోజు ఇచ్చింది. ఈసారి ఇంకో చిక్కు. పరీక్షకు ఆడుతున్నవాళ్లలో ఓడిపోయేవాళ్లు జరపకుండా రోజంతా నానబెట్టడం మొదలుపెట్టారు. అప్పుడు, ఇంటికి నెలకింతని నూనె పోసినట్టు, ఆట మొత్తానికి కలిపి ఒక్కొక్కరికి ఇంత సమయమని పోసింది. జరిపినప్పుడల్లా కాస్త కలుస్తుంది. వదిన డబ్బా మాత్రం గబగబా ఖాళీ అయ్యేది.

నేను చేట సంగతి చెప్పాను. కోడలు చాలాసేపు ఆలోచించింది.

"మీరూ వదినగారూ కాబట్టి మూసుకున్నారు. ముక్కూ మొహం తెలీనోళ్లకి ఎవరు మూస్తారండీ?"

"చేటంటూ ఉంటే కొందరైనా మూయరా?"

ఆ వారమే ఫోన్లో చిన్న చేట బొమ్మ వచ్చింది. దాన్ని నొక్కితే ఎదుటిమనిషి గడియారం ఒక రోజు ఆగుతుంది. ఆటకు మూడుసార్లే. లేకపోతే కొన్ని ఆటలు ఎప్పటికీ తెగవని ఆమె వాదన. కాదనలేకపోయాను.

పొద్దున కాఫీ తాగగానే మేక జరిగిందేమో చూసుకునేదాన్ని. జరిగితే, ఎడమ మోకాలు పైకి పెట్టుకుని బుగ్గన లవంగంతో వదిన అక్కడ కూర్చున్నట్టే ఉండేది. ఫోన్ చేసి మాట్లాడుకోవచ్చు కదా అంటారు. మాట్లాడితే తిన్నావా, తిన్నా, అక్కడితో సరి. మేము చేరువగా ఉన్నది మాటల్లో కాదు. ఆమె ఆలోచిస్తుంటే నేను ఎదురుగా ఊరికే కూర్చున్నానే, అందులో.

చివరి ఆటలో నా పులులు రెండు అప్పటికే ఇరుక్కుపోయాయి. మూడోదానికి ఒకే దారి మిగిలింది. వంతు వదినది. ఒక్క మేక జరిపితే నా పని అయిపోయినట్టే. కానీ మేక జరగలేదు. వాళ్ల కోడలి ఫోన్‌కి చేస్తే వదినకు కంటి ఆపరేషన్ అయిందని తెలిసింది. ఫోన్ చూడకూడదని వదిన ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసిందట. తన ఫోన్ వదినకిచ్చింది.

"ఎవరిచేతైనా జరిపించు వదినా. గడువైపోతది," అన్నాను.

"నా మేకల్ని ఇంకోళ్లు తోలతారా? నీ పులికి ఉరి నా చేత్తోనే అమ్మాయ్."

చేట నొక్కాను. మర్నాడు ఇంకోసారి, ఆపైన ఆఖరిది. అదీ అయిపోయాక మేడమీదికి వెళ్లి కోడలిని ఇంకొక్కటి అడిగాను. ఆమె కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"మీకిస్తే అందరికీ ఇవ్వాలి అత్తయ్యా. మా అత్తగారని మీకొక్కరికే ఇస్తే ఇన్నాళ్లూ నేను చేసిన పని ఎందుకండీ?"

సబబైన మాటే. కోపం రాలేదు. కిందికి వచ్చి ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దీపం పెట్టే వేళకి పువ్వులు రాలాయి. "మీరు గెలిచారు." ఆ రెండు మాటలూ ఇప్పుడు నేను చూడగానే చదవగలను. వాటి వెనక మేకలూ పులులూ మాయమయ్యాయి. కళ్లు మూసుకుని చూసుకుంటే ఏ గింజ ఎక్కడుందో నాకు తెలుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే డబ్బాలోంచి చింతగింజలు కొంగున మూటగట్టుకుని, మూడు గులకరాళ్లు ఏరుకుని, చేట చంకన పెట్టుకుని బస్టాండుకు వెళ్లాను. బోర్డు నేనే చదువుకుని బస్సెక్కాను. చిల్లకల్లు దాటాక, పిలవకుండా వెళ్తున్నానని గుర్తొచ్చింది. అయినా దిగలేదు.

వదిన నల్లద్దాలు పెట్టుకుని కొట్టులో కూర్చుని ఉంది.

"ఎవరది?"

"పులిని."

"ఏ పులి? సందులో ఇరుక్కున్న పులేనా?" అంది. నవ్వుతూనే చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

వరండాలో గీతలు గీశాను. ఆగిపోయిన చోటనే గింజలూ రాళ్లూ పెట్టాను. వదిన వంగి ఒక్కొక్క గింజనూ వేలితో తడిమి, ఎడమ మోకాలు పైకి పెట్టుకుని కూర్చుంది. నేను జరపమని అనలేదు. ఇంతలో ఎవరో పంచదార కోసం వచ్చి కేకేశారు. వదిన గోడ పట్టుకుని లేచింది. నేను ఆట మీద చేట బోర్లించాను.