సిస్టరమ్మ పేరుకు అర్థం

మా కొండ ఊళ్లకు వచ్చే నర్సు సిస్టరమ్మ, మందుల పెట్టెకు పదింతల బరువైన బైబిలు పేర్లు బుర్రలో మోసేది. సూది గుచ్చేలోపే ఎదుటివాళ్ల పేరుకు హీబ్రూ అర్థం చెప్పేసేది. తన పేరు సంగతి అడిగితే మాత్రం మాట మార్చేసేది.

ఆ వానాకాలం మధ్యాహ్నం పురుటి నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోస్తున్నాం. బడిపంతులునైన నా భుజం ఆ రోజు జానెడు కిందికి దిగింది, ఇప్పటికీ పైకి రాలేదు. రోడ్డు ఇంకా రెండు కొండల అవతల ఉంది. రక్తం ఆగడం లేదు. ఆమె కళ్లు మూతలు పడుతున్నాయి.

"నిద్దరోకే గుంటా! ఇస్సాకంటే నవ్వు. నయోమంటే మధురం. బిడ్డకి ఏటి పేరెడతావు?" డోలీ పక్కనే పరిగెడుతూ అరిచింది సిస్టరమ్మ.

"ముందు నీ పేరుకి అర్థం సెప్పు, సిస్టరమ్మా," అంది ఆమె నీరసంగా.

సిస్టరమ్మ ఎప్పటిలాగే మాట మార్చబోయింది. డోలీలో ఆమె తల పక్కకు వాలిపోతోంది.

"చేదు," అంది సిస్టరమ్మ చివరికి. "నన్ను కని మాయమ్మ సచ్చిపోనాదని మా నాన్న ఎట్టినాడు."

మా గుండెలు జారి కాళ్లకు అడ్డం పడ్డాయి. కాన్పుకు వెళ్లే మనిషికి చెప్పే మాటేనా అది?

డోలీలో మనిషి కళ్లు ఇంతింతలు చేసింది. "నా బిడ్డకి అలాటి పేరు ఎవుడెడతాడో సూత్తాను! నయోమే ఎడతాను! ఏటలా నిలబడిపోనారు? బేగి నడవండి!"

రోడ్డు దాకా తిట్లు తింటూనే పరిగెత్తాం. అంబులెన్సు ఎక్కించగానే ఆడపిల్ల కేరుమంది. తల్లి మమ్మల్ని ఇంకా తిడుతూనే ఉంది.

సిస్టరమ్మ బిడ్డ కార్డు మీద నయోమి అని రాసి, అలవాటుగా అర్థం చెప్పబోయింది. మధ్యలోనే మానేసి బిడ్డ బుగ్గ ముద్దాడింది.