మాత్రకు ముందు రక్తం

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి: సైన్సు అందరికీ మేలు చేస్తుందని, ఇంట్లో ఫ్రిజ్ అందరిదీ అని. రెండూ ఒకే వేసవిలో పోయాయి. తిరువళ్లూరు నుంచి రోజూ రైల్లో మద్రాసు వెళ్లి ఒక ల్యాబులో ప్రాజెక్టు అసిస్టెంటుగా పనిచేసేదాన్ని. పార్కిన్సన్స్ జబ్బులో నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ పాత్ర మా అంశం. (ఈ ఆర్‌ఎన్‌ఏ ప్రోటీన్ తయారుచేయదు గానీ ఏ జన్యువు ఎంత పనిచేయాలో అదుపు చేస్తుంది. పొయ్యి దగ్గరికి రాకుండానే ఎవరెంత తినాలో తేల్చే మా అవ్వ లాంటిదన్నమాట.) మందు ఇంకా మొదలుపెట్టని రోగుల రక్తం కావాలి. వాళ్లు దొరకరు, దొరికినా అడగడానికి నాకు నోరు రాదు. సరిగ్గా అప్పుడే తిరుత్తణిలో అంగడి నడిపే మా తాతకు ఆ జబ్బని తేలింది. చేతులు వణికి పొట్లం కట్టలేకపోతుంటే, తాగి వచ్చినాడని జనం గుసగుసలాడేవారు. అయినా తాత, "నీ చదువుకు పనికొస్తుందంటే ఒక దినం ఆగి మింగుతాలే పాపా" అని మాత్రలు పక్కన పెట్టాడు.

ఆసుపత్రి నర్సమ్మ సాయంత్రం తాత ఇంటికొచ్చి రక్తం తీసింది. ట్యూబులున్న ఐసు పెట్టెను ఫ్రిజ్‌లో ఉంచి, తాత చేత మొదటి మాత్ర మింగించాను. తెల్లారి చూస్తే పెట్టె లేదు.

"అవ్వా, పెట్టె యాడ?"

"పెరట్లో, గుడ్డలుతికే రాయి మీద. కృత్తిక పూజ నాడు సామి పూలుండే చోట నెత్తురు పెడతావా? సదువుకున్నదానివేనా?"

"చెడిపోతుందే అవ్వా!"

"మూత పెట్టే ఉండాదిలే. పిల్లి గూడా ముట్టలే."

ఐసు గోరువెచ్చని నీళ్లయింది. కొన్నాళ్లకు, ఇంకెవరూ దొరక్క, మా ల్యాబు సార్ తమిళంలో చల్లగా చెప్పాడు: "మీ తాతను ఒక వారం మాత్రలు ఆపమను, మళ్లీ తీద్దాం. లేదంటే నీకిక్కడ పనిలేదు."

మాటలు కూడదీసుకుని తిరుత్తణి వెళ్లాను. అంగట్లో తాత చక్కెర పొట్లానికి దారం చుడుతున్నాడు. "చూడు పాపా, ముడి పడినాది!" అని, "నా నెత్తురు ఏం చెప్పినాది?" అన్నాడు.

"బాగా పనికొచ్చింది తాతా."

"విన్నారా!" అని బేరానికొచ్చినవాళ్ల వైపు తిరిగాడు.

అక్కడినుంచే సార్‌కు ఫోన్ చేసి, తాత ఒప్పుకోలేదన్నాను. మీ వాళ్లకు సైన్సు విలువ తెలియదని, నా కుర్చీ ఇంకొకరికిచ్చాడు.

ఇప్పుడు మాత్రలు మునుపటిలా పనిచేయక తాత చేతులు మళ్లీ వణుకుతున్నాయి. (పరిశోధనా పత్రాలు మాత్రం పెరుగుతున్నాయి.) నలుగురిలో పేరు చెప్పడానికే తడబడే అప్పటి నాలోని పిల్ల, ఒకే పూట ఇద్దరు పెద్దమనుషులకు అంత తడుముకోకుండా అబద్ధాలు ఎలా చెప్పిందో తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ పూట నోరొచ్చిన పిల్ల నాకు మళ్లీ కనబడలేదు.