మూత విప్పమన్నాను

పెనుకొండ దగ్గర పట్టుపురుగులు పెంచుతాను. షేర్ల ట్రేడింగ్ నేర్చుకున్నాక ఫోన్ తెర చాలక, తక్కువ ధరలో డెస్క్‌టాప్ కొందామని కిందటేడు హిందూపురం వెళ్లాను. షాపతను ఒకటి చూపించి సరికొత్తదన్నాడు.

"మూత ఇప్పి చూపించప్పా," అన్నాను.

"లోపల ఉండేది నీకేం తెలుస్తాదక్కా?" అన్నాడు. షాపులో అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా కదల్లేదు.

"మా మార్కెట్లో పట్టుగూడు కోసి, లోపల పురుగు చూడందే ఎవురూ వేలం పాడరు. ఇప్పు."

విప్పాడు. లోపల ఫ్యానుకు వేలెడు దుమ్ము. నవ్వులు ఆగిపోయాయి.

"నేనొచ్చిందే పాతదాని కోసం. పాతదని చెప్పి, పాతదాని రేటుకియ్యి."

అదే కొన్నాను. ఇప్పుడు దాని ముందు కూర్చుని, ఏ కంపెనీ షేరైనా లోపలేముందో చూశాకే కొంటున్నాను. నవ్వేవాళ్లు నవ్వనీ.