రుక్కమ్మ నూలు స్వెటర్

గొర్రెలు కాసుకునే ఇంటి కోడలైనా రుక్కమ్మ ఉన్ని ముట్టదు. ఒకనాడు బొచ్చు కత్తిరిస్తుంటే ఆమె చేతిలోని కత్తెర జారి ఓ గొర్రెకు పొట్ట తెగింది. పుండుకు పురుగు పట్టి, అది చచ్చిపోయింది. అప్పటినుంచి ఆమెకు ఉన్ని వాసన సోకితే చాలు, దాని అరుపు వినబడుతుంది. తాండూరు బజారులో నూలు కొని, కింది పెదవి మునిపంట పట్టి, పొద్దస్తమానం అల్లుతుంటుంది. క్షయ సోకి వికారాబాద్ గుట్ట మీద ఆసుపత్రిలో ఉన్న తమ్ముడు బీరన్నకూ నూలు స్వెటరే అల్లి ఇచ్చింది. "మస్తు వెచ్చగున్నదక్కా, ఫికర్ చెయ్యకు" అన్నాడతను.

పుష్యమాసంలో ఓ పొద్దున ఆమె చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లింది. గొంగడి కప్పుకొని ముడుచుకున్న బీరన్న, అక్కను చూడగానే దాన్ని మంచం కిందికి తోసేశాడు. నూలు స్వెటర్‌తో లేచి కూర్చుని, పళ్లు కొట్టుకుంటున్నా నవ్వబోయాడు.

"నేనొచ్చినప్పుడల్లా గిట్లనే వణికినవారా?"

"గొంగడి చూస్తే నీకు గా గొర్రె యాదికొస్తదని..."

"గా పాపం నాది. నువ్వెందుకు మోస్తవ్‌రా?"

రుక్కమ్మ వంగి గొంగడిని బయటికి లాగింది. ఇన్నేళ్ల తర్వాత ఉన్ని గరుకు వేళ్లకు తగిలి ఒళ్లు జలదరించింది. అయినా తమ్ముడికి మెడదాకా కప్పి, అతని వణుకు తగ్గేదాకా రెండు చేతులా అదిమి పట్టుకునే ఉంది.