పాలకొల్లు తంతి దారిలో మోకు తాడు

అడ్డంకులను తొలగించు గణనాథునకు నమస్కరించి, నా చేతితో నేనే కల్పించిన యొక అడ్డంకి సంగతి వ్రాయుచున్నాను. అది 1885వ సంవత్సరము, పార్థివ నామ సంవత్సర వైశాఖ శుద్ధ దశమి, శనివారము. కొవ్వూరు నుండి పాలకొల్లు వరకు కొత్తగా తంతి తీగ వేయదలచిన కాలము. ఆ సర్వేలో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ను, అనగా దొరగారు కొలిచిన దారిని పటముగా గీయువాడను. పటముతో పాటు అభ్యంతరముల జాబితా సిద్ధము చేయుటయు నా పనియే. స్తంభము ఎవరి పొలములో పడును, ఎవరి రాకపోకలకు అడ్డు వచ్చును అని విచారించి వ్రాసి పంపిననే గాని పైవారి శాంక్షన్, అనగా అనుమతి యుత్తరువు, రాదు.

పొలములలో స్తంభము పాతవలెనన్న ప్రతి పట్టాదారుని సమ్మతియు కావలెను. కాలువగట్టు మాత్రము సర్కారుది. కనుక నీటి యంచు వెంబడి స్తంభములు వరుసగా పోవునట్లు గీసితిమి. ఆ గట్టు పొడవునను నేనే నడిచి చూచితిని. అన్ని దినములలోను నాకెదురైనవి రెండు గేదెలు, ఒక బైరాగి. "ఈ గట్టు ఎవరి వాడుకలోను లేదు" అని జాబితాలో వ్రాసి సంతకము చేసితిని. నా దస్తూరి మీద నాకు గర్వముండెడిది. ఆ వాక్యమును మరింత గుండ్రముగా వ్రాసితిని.

కాగితములు సోమవారపు టపాలో పోవలసి యుండెను. ఆ శనివారము సాయంత్రము మరల గట్టున పోవుచుండగా, సరంగు, అనగా పడవ నడుపువాడు, సూరన్న ఎండిన కాలువ యడుగున తన పడవకు తారు పూయుచు కనబడెను. ప్రతియేటను వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు గదా. గట్టు మీద మేము గుర్తుగా పాతిన మేకులు దేనికని అతడు అడిగెను. తంతి స్తంభములకని చెప్పితిని. కుంచె దించి, గట్టెక్కి, ఒక మేకు వద్ద నిలిచి చూచెను.

"నీళ్ళకీ దారికీ మధ్యనాండి పాతేది?"

"అవును. ఇటు ఎవరూ నడవరు కదా."

"పంతులుగారు నా పడవెక్కి నాలుగుసార్లు పాలకొల్లు వచ్చారండి. గుర్తుందాండి?"

ఉన్నదంటిని.

"గూడులో కూచుని పుస్తకం చదూకుంటానే ఉన్నారండి. గాలి లేనప్పుడు పడవ దేనికి కదిలిందనుకున్నారు, మీ శ్లోకాలకాండి?"

నేను గట్టు వంక చూచితిని.

"మా బావమరుదులిద్దరూ ఈ గట్టు మీదే మోకు భుజానేసుకుని లాగారండి. ఇప్పుడు నీళ్ళు లేవు, అంచేత మడుసులూ లేరు. ఏరువాకకి లాకులెత్తాక వచ్చి చూడండి."

మోకనగా పడవ తెరచాప కొయ్యకు కట్టిన పొడవాటి తాడు. లాగువారు గట్టున నడుతురు, పడవ నీటిలో వచ్చును. నడుమ స్తంభములున్నచో ఒక్కొక్కదాని వద్దను ఆగి తాడు తప్పించుకొనవలెను. ఒక దినపు ప్రయాణము మూడు దినములగును, సరకులు బండ్లకెక్కును, పడవ అమ్ముకొనుట తప్ప తనకు వేరు గతి లేదని సూరన్న చెప్పెను. ఈ మాట అతడు మెల్లగా చెప్పెను.

మరునాడు ఉదయము దొరగారి వద్దకు పోయి, నేను సంతకము చేసినది తప్పని విన్నవించితిని. రూట్ ప్లాన్, అనగా దారి పటము, మార్చినచో శాంక్షన్ నెలల కొలది వెనుకబడునని ఆయన విసుగుకొనెను. వాడుకలో లేదని వ్రాసినది మీరే కదా అనెను. నేనే యంటిని. మాటలతో నమ్మింపజాలను గాని, ఒక్క గడియ గట్టు మీదికి దయచేయుడని కోరితిని.

నాలుగు మేకుల వద్ద స్తంభములకు బదులు నాలుగు వెదురులు పాతించితిని. సూరన్న తన పడవ కొయ్యకు మోకు కట్టి, ఎండిన కాలువలో పడవ కదలదు గనుక దానిని పొడవుగా విడిచి, రెండవ కొనను దొరగారి భుజమున వేసెను. మొదటి వెదురు దాటి కొన్ని యడుగులు వేయగానే మోకు దానికి తగిలి భుజమును వెనుకకు లాగెను. ఆయన తాడు తీసి, వెదురుకు ఆవలగా త్రిప్పి, మరల వేసికొని నడిచెను. మూడవ వెదురు వద్ద టోపీ పడిపోయెను.

"ఇంకా పాలకొల్లు దాకా ఉన్నాయండి, దొరగారూ," అనెను సూరన్న.

దొరగారు నవ్వలేదు. మోకు దింపి, భుజము రుద్దుకొనుచు, లాగుడుదారి లేని ఎదుటి గట్టును వ్రేలితో చూపి, "మళ్ళీ గీయండి" అనెను.

ఆ గట్టున దారి యిరుకు. చాల స్తంభములు రైతుల పొలములలోనే పడినవి. సమ్మతులకై నేను ఊరూర తిరిగితిని. సూరన్న తోడు వచ్చెను. ఏటేట వారి ధాన్యము మోసినది అతని పడవయే గనుక, నేను వివరించిన చట్టము కంటె అతని మాట వారికి త్వరగా తెలిసెను. కాలువకు నీరు విడుచులోపల సమ్మతి వ్రాళ్ళన్నియు, అనగా సంతకములు, చేతికి వచ్చెను. పాత వాక్యమును కొట్టివేసి, క్రింద నా తప్పును నా దస్తూరితోనే వ్రాసి పంపితిని. నా కొలువు నిలిచెను. నాటినుండి ఏ దారినైనను నీరున్నప్పు డొకసారి, లేనప్పు డొకసారి నడిచి చూడక సంతకము చేసి యెరుగను.

అదే సంవత్సరము మార్గశిర బహుళ తదియనాడు కొవ్వూరు నుండి పాలకొల్లుకు తొలి తంతి పోయెను. ఆనాడు గాలి లేదు. సూరన్న పడవ ధాన్యముతో సాయంకాలమునకు లాకు దాటెను.