ఎలోదియా నోటినిండా డాక్టరుగారి పళ్ళు

అమెరికా సరిహద్దుకి ఇవతల ఆనుకుని ఉన్న లోస్ అల్గొదొనెస్ అనే ఊళ్ళో ఎలోదియా నోరు ఎరగనివాళ్ళు లేరు. గయ్యాళి అని కాదు. అదీ కొంత ఉందనుకోండి, కానీ అసలు సంగతి వేరు. సరిహద్దు గేటు దాటి ఇటు అడుగుపెట్టే అమెరికా ముసలివాళ్ళకి ఎదురెళ్ళి, "పళ్ళ పనేనా? చూసి మాట్లాడండి," అంటూ నడివీధిలో నోరు బార్లా తెరిచే మనిషి ఆవిడ. బట్టల కొట్టువాడు గుడ్డ తాను విప్పి పరిచినట్టు ఒక్కో పన్ను మీదా వేలుపెట్టి చూపించేది.

"ఇది పింగాణీ క్యాపు, డాక్టర్ అర్విసు. ఈ మూడూ కలిపి బ్రిడ్జి, డాక్టర్ అర్విసు. ఇదిగో, ఇది ఎముకలో స్క్రూ బిగించి కట్టింది. మొక్కజొన్న కంకి పీక్కు తింటాను దీంతో. డాక్టర్ అర్విసు. మందుల షాపు పక్క సందు, ఆకుపచ్చ తలుపు."

ఈ పాఠం ఆవిడకి ఎంత వంటబట్టిందంటే, ఒక ఆదివారం చర్చిలో ఆవలింత వచ్చి చెయ్యి అడ్డం పెట్టుకోబోతే, వేలు పన్నుకి తగలగానే "డాక్టర్ అర్విసు" అని పైకే అనేసింది. పాదరీగారు ప్రార్థన ఆపి మరీ చూశారు.

ఊరు చిన్నది. వీధి పొడవునా పళ్ళ డాక్టర్లే. మధ్యమధ్య మందుల షాపులూ, కళ్ళజోళ్ళ షాపులూ. జుట్టు కత్తిరించుకోవాలంటే మాత్రం మంగలి కోసం వెతుక్కోవాలి. చలి మొదలవగానే అవతలి ఎడారిలో ఇళ్ళంత బళ్ళు ఆపుకుని కాపురం పెట్టే పెన్షనుదారులు, తమ దేశంలో ఒక్క పన్ను కట్టించే ఖర్చుతో ఇక్కడ సగం నోరు బాగుచేయించుకోవచ్చని, కార్లు అటే పార్కింగులో వదిలేసి నడిచి వస్తారు. వాళ్ళని తమ డాక్టరు దగ్గరికి లాక్కుపోవడానికి ప్రతి డాక్టరుకీ వీధిలో పిలిచేవాళ్ళుంటారు. ఈ పిలిచేవాళ్ళు ఒకర్నొకరు ఎంత తిట్టుకున్నా, ఒక కట్టుబాటు మాత్రం దాటరు. ఏ డాక్టరు కట్టిన పళ్ళు నోట్లో ఉంటే ఆ డాక్టరుకే పిలవాలి.

ఎలోదియా వయసులో ఉన్నప్పుడు ఇదే గేటు దగ్గర పాలకోవా బిళ్ళలు అమ్మేది. అమ్మినవాటికంటే తిన్నవే ఎక్కువ. చివరికి బుగ్గ రొట్టెలా పొంగి, కళ్ళు తేలేసి, ఆకుపచ్చ తలుపు తట్టింది. ఫిదెన్సియో అర్విసు డాక్టరు ఆ పన్ను తీసి కొత్తది కట్టి, "వీధిలో నలుగురికీ చూపించు, అదే నా ఫీజు," అన్నాడు. అక్కడ మొదలైంది. ఆ తర్వాత ఏ కొత్త రకం పన్ను బజార్లోకి వచ్చినా ముందు ఎలోదియా నోట్లోనే ప్రయోగం. ఆవిడ నోరు తెరుచుకుని పడుకుంటే, ఆయన మాస్కు వెనకనుంచి ఫుట్‌బాల్ గురించీ, కొబ్బరి ధర గురించీ, చనిపోయిన భార్య గురించీ ఊపిరాడకుండా మాట్లాడేవాడు. ఎలోదియా "ఆఁ" తప్ప ఇంకేమీ అనే వీల్లేదు.

అంతా బాగానే ఉంది కానీ, ఈమధ్య మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. పొద్దుటినుంచీ నిలబడితే మధ్యాహ్నానికి గేటు రెయిలింగు పట్టుకుని వేలాడాల్సి వచ్చేది. సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో కొత్త ఆసుపత్రి లేచింది. నిలువెల్లా గాజు. ఊళ్ళోవాళ్ళు దానికి అద్దాలమేడ అని పేరు పెట్టేశారు. దాని యజమాని ఇరాం అనే కుర్ర డాక్టరు. తలకి నూనె, మాటకి తేనె.

"ఎలోదియాగారూ, మీలాంటివారు ఎండలో నిలబడటమేంటండీ? నా తల కొట్టేసినట్టుంది," అన్నాడతను ఓ రోజు. "మా హాల్లో మెత్తటి కుర్చీ, ఏసీ. మీరు కూర్చుని మాట్లాడండి చాలు."

"నా నోట్లో అర్విసుగారి పళ్ళున్నాయి బాబూ."

"దానికేముందండీ! ఒక్కోటీ పీకేసి మావి పెడతాం. శనివారం మొదలెడదాం. అప్పటిదాకా ఇవే మావని చెప్పండి. ఎవరికి తెలుస్తుంది?"

కళ్ళజోళ్ళ షాపుకి పిలిచే ఎవరిస్తో అనే కుర్రాడు ఇదంతా చెవులు రిక్కించి విన్నాడు. "వెళ్ళక్కా, వెళ్ళు. కుర్చీ కోసం పళ్ళు ఊడగొట్టించుకున్న మొదటి మనిషివి నువ్వే అవుతావు."

"నోర్ముయ్‌రా సన్నాసీ! నీ మోకాళ్ళు అరిగాక మాట్లాడు," అంది ఎలోదియా. కోపం వాడి మీద కాదు. రాత్రి మంచం ఎక్కేటప్పుడు కాలు చేత్తో ఎత్తిపెట్టుకోవాల్సి వస్తోంది. వెళ్ళాలనే ఉంది. వెళ్ళాలని ఉన్నందుకే మంటగా ఉంది.

మర్నాడు ఆకుపచ్చ తలుపు తోసుకుని లోపలికెళ్ళి, నించునే చెప్పేసింది. మాస్కు పైన డాక్టరు కళ్ళు చిన్నవయ్యాయి.

"అద్దాలమేడకా? అయితే నా పళ్ళు నాకిచ్చి మరీ వెళ్ళు!"

"తీసుకోండి. ఎవరొద్దన్నారు?" ఎలోదియా విసవిసా వెళ్ళి కుర్చీలో పడుకుని నోరు తెరిచింది.

డాక్టరు నిజంగానే పటకారు తీశాడు. లైటు లాగాడు. వంగి, ఎడమ దవడ చూసి, కుడి దవడ చూశాడు. తర్వాత పటకారు పక్కన పెట్టి చిన్న అద్దం తీశాడు.

"కింద ఎడమవైపు సరిగ్గా తోముకోవడం లేదు నువ్వు," అన్నాడు. తిట్టుకుంటూనే గార గీకడం మొదలుపెట్టాడు. పళ్ళు వెనక్కి అడిగిన మనిషి వాటిని ఒక్కోటీ తుడిచి, మెరుగుపెట్టి, పుక్కిలించమని నీళ్ళిచ్చాడు.

"మోకాళ్ళు నొప్పులని నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు చివరికి.

ఎలోదియా నీళ్ళు ఉమ్మేసి లేచి కూర్చుంది. "ఎప్పుడు చెప్పమంటారు? కూర్చోబెట్టిన ప్రతిసారీ నా నోట్లో చేతులు పెట్టి మీ గోడు చెప్పుకున్నారు. ఒక్కరోజైనా 'నువ్వెలా ఉన్నావు' అని అడిగారా డాక్టరుగారూ?"

ఆయన చేతిలోని చిన్న అద్దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. ఎలోదియా తలుపు ధడాలున వేసుకుని వచ్చేసింది.

అద్దాలమేడలో కుర్చీ మాత్రం బ్రహ్మాండం. ఎలోదియా కూర్చోగానే మోకాళ్ళు ఇద్దరు పిల్లల్లా నిద్రపోయాయి. హాలునిండా టోపీలు పెట్టుకున్న అమెరికావాళ్ళు. అందులో లోర్నా అని ఒకావిడ, భర్త డెల్బర్ట్‌ని చెయ్యి పట్టుకు లాక్కొచ్చింది. డెల్బర్ట్‌కి డాక్టర్లంటే హడల్. బల్ల మీది పత్రికని బోర్లా పట్టుకుని చదువుతున్నాడు.

"పని ఎలా ఉంటుందో చూపిస్తారా?" అని లోర్నా అడిగింది.

ఇరాం పరుగున వచ్చాడు. "ఎలోదియాగారూ, మన పళ్ళు చూపించండి."

ఎలోదియా లేచి నోరు తెరిచింది. అద్దాలమేడ పేరు నోటిదాకా తెచ్చుకుంది కూడా. పాపం, చెప్పాలనే అనుకుంది. కానీ వేలు మొదటి పన్నుని తాకింది.

"ఇది పింగాణీ క్యాపు, డాక్టర్ అర్విసు."

ఇరాం దగ్గాడు. ఎలోదియా బెదిరి, సర్దుకుందామని తొందరపడి, రెండో పన్ను మీదికి వెళ్ళింది. "ఈ మూడూ బ్రిడ్జి, డాక్టర్ అర్విసు." ఇక ఆగలేదు. చెమటలు పడుతున్నాయి, కళ్ళు పెద్దవవుతున్నాయి, వేలు పన్ను తర్వాత పన్ను మీదికి దానంతటదే పోతోంది. "డాక్టర్ అర్విసు, డాక్టర్ అర్విసు. మందుల షాపు పక్క సందు, ఆకుపచ్చ తలుపు!"

డెల్బర్ట్ పత్రిక తిన్నగా తిప్పి పట్టుకున్నాడు.

"అయితే మనం తప్పు చోటికి వచ్చామన్నమాట," అంది లోర్నా, సంచీ భుజాన వేసుకుంటూ.

"బయటికి పో ముసల్దానా!" అన్నాడు ఇరాం. తేనె అంతా ఆ ఒక్క మాటతో అయిపోయింది.

ఎలోదియా వీధిలో పడింది. సిగ్గుతో తల ఎత్తలేకపోతోంది. ఇటు కుర్చీ పోయింది, అటు ఆకుపచ్చ తలుపు తనే మూసుకుని వచ్చింది. వెనకాల లోర్నా, ఆవిడ వెనకాల డెల్బర్ట్. "ఆ డాక్టరు ఎక్కడమ్మా? చూపించు," అని లోర్నా వదలదు. తీసుకెళ్ళడానికి మొహం చెల్లదు, తీసుకెళ్ళకుండా ఉండలేదు. ఎలోదియా కుంటుకుంటూ నడిచింది.

మందుల షాపు మలుపు దగ్గర ఎవరిస్తో కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. "అక్కా, తొందరగా రా! మీ డాక్టరుకి పిచ్చెక్కింది!"

సందు మొదట్లో, తెల్లకోటుతో, అర్విసు డాక్టరు నడిరోడ్డు మీద నిలబడి ఉన్నాడు. పక్కన ఆయన కూర్చుని పని చేసుకునే చక్రాల స్టూలు. పోయేవాళ్ళ వంక చూసి, "పళ్ళు... అయ్యా, పళ్ళు..." అంటున్నాడు. శవయాత్రలో పలకరిస్తున్నట్టుంది తప్ప పిలుస్తున్నట్టు లేదు. ఒక్కరూ ఆగడం లేదు.

"ఇదేం పని డాక్టరుగారూ? ఆ స్టూలెందుకు?"

"నువ్వొస్తే కూర్చుంటావని," అన్నాడాయన, ఆవిడ మొహంలోకి చూడకుండా. "నేను నిలబడి పని చేసుకుంటాలే. నా మోకాళ్ళు బానే ఉన్నాయి."

ఎలోదియా ఏదో అనబోయేలోపల డెల్బర్ట్ ముందుకొచ్చాడు. వీధిలో పిలిచేవాళ్ళందర్నీ అడిగే ప్రశ్నే ఆయన్నీ అడిగాడు. "ఏదీ, నీవి చూపించు."

డాక్టరు మాస్కు మెడ కిందికి జారి ఉంది. పిలవడానికి దించుకున్నాడు కాబోలు. పెదాలు బిగించాడు. డెల్బర్ట్ వదలలేదు. తప్పక ఆయన కాస్త తెరిచాడు. పైన ముందు పళ్ళు మూడు లేవు. పక్కన ఉన్నవీ లెక్కకి ఉన్నాయంతే.

ఇన్నేళ్ళలో మాస్కు లేకుండా ఆయన మొహం ఎలోదియా ఎప్పుడూ చూడలేదు.

"అయ్యో, ఇదేంటి?" అంది గుసగుసగా.

"ఈ ఊళ్ళో ఎవడి ముందు నోరు తెరవను చెప్పు? సాయంత్రానికి వీధంతా చెప్పుకుని నవ్వుతారు." ఆయన గబగబా మాస్కు లాక్కున్నాడు. "నువ్వు కూడా నవ్వుతావనే..."

డెల్బర్ట్ అప్పటికే భార్య చెయ్యి పట్టుకుని గేటు వైపు తిరిగాడు. "నోట్లో పళ్ళు లేని పళ్ళ డాక్టరు! పద పద, ఇంటికి పోదాం."

ఎలోదియా మోకాళ్ళ మాటే మర్చిపోయి అడ్డం వెళ్ళి నిలబడింది.

"ఆగవయ్యా! తన పళ్ళు తను కట్టుకోలేడు కదా. నువ్వయినా కట్టుకోగలవా? ఆయనకి చేతనైనదంతా తెచ్చి నా నోట్లో పెట్టాడు. చూడు. ఒక్కటి కూడా తనకి ఉంచుకోలేదు. చూడు!"

డెల్బర్ట్ కళ్ళజోడు సర్దుకుని వంగాడు. ఎలోదియా నోరు బార్లా తెరిచింది. ఈసారి వేలుపెట్టి ఏదీ చూపించలేదు, ఒక్క మాటా అనలేదు. నోరు అలా తెరిచిపెట్టుకునే, నడివీధిలో అందరి ముందూ, ఏడుస్తూ నిలబడింది.