గోడపొయ్యి ముందు టీచరమ్మ

టీచరమ్మ పోయారని పాస్టరు గారు ఫోన్ చేసినప్పుడు నేను కొట్లో మేకులు తూస్తున్నాను. ఏ టీచరమ్మ అని అడిగాను. చింతపల్లిలో టీచరమ్మ అంటే ఎవరో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు, అయినా అడిగాను. ఎందుకంటే అంతకు కాసేపటి ముందే ఆవిడ ఫోన్లో నాతో మాట్లాడారు. కొత్తగా పూసిన సిమెంటు వేడెక్కితే ఏదో వాసన వస్తోంది, అది మామూలేనా, లేక నాకు పాత సరుకు అంటగట్టావా అని నిలదీశారు. మామూలేనండీ అన్నాను. "అయితే సరే, పెట్టెయ్," అన్నారు. ఇన్నేళ్ల పరిచయానికి నాకు మిగిలిన ఆఖరి మాట అది. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

షట్టరు సగం దించి, స్కూటరు సంగతే మర్చిపోయి చర్చి వెనక ఎత్తు మీద ఉన్న ఆవిడ ఇంటికి పరిగెత్తాను. నేను వెళ్లేసరికి ఆవిడని మంచం మీద పడుకోబెట్టారు. గోడలో పొయ్యి ఇంకా సన్నగా వెలుగుతూనే ఉంది. కిటికీ దగ్గర కుర్చీలో రెండు శాలువాలు కప్పుకుని వాళ్లక్క కూర్చుని ఉన్నారు. నేను ఆవిణ్ణి పెద్దమ్మగారు అంటాను. చూపు బాగా తగ్గింది. నా గొంతు విని, నేను అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టారు.

"సెల్లి పీటేసుకుని గోడకి ఆనుకుని పొయ్యి సూస్తా కూకుంది. నాను మాట్లాడతానే ఉన్నాను. కాఫీ కలపమన్నాను. నిన్న కూర ఉప్పెక్కువేసినావన్నాను. ఎంతసేపటికీ పలకదు. నీకేటొచ్చిందే, నోరు పడిపోయిందా అని తిట్టినాను."

డాక్టరు గుండె ఆగిందన్నారు. గుండె జబ్బని ముందురోజు దాకా ఎవరూ అనలేదు, ఆవిడతో సహా. మోకాలి నొప్పి గురించి మాత్రం ఊరంతటికీ చెప్పేవారు.

ఆ ఇంటి గురించి చెప్పాలి. అది పాతకాలపు మిషన్ బంగళా. చలిదేశాల నుంచి వచ్చిన దొరలు కట్టుకున్నారు కాబట్టి ముందుగదిలో గోడలోనే పొయ్యి పెట్టించుకున్నారు. వంటకి కాదు, గది వెచ్చబడడానికి. లోపల కాలి నల్లబడ్డ ఇటుకలు, పెంకుల పైకి లేచిన ఇటుకల పొగగొట్టం. మా ఊళ్లో దాన్ని గోడపొయ్యి అంటారు. మిషన్ బడిలో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన తర్వాత కూడా టీచరమ్మ ఆ ఇంట్లోనే ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. వాళ్లక్కా చేసుకోలేదు. ఒకరినొకరు తిట్టుకోకుండా ఆ ఇంట్లో ఒక్క పూట గడిచిందని నేననుకోను, ఒకరు లేకుండా ఇంకొకరు ముద్ద తిన్నదీ లేదు.

పోయిన చలికాలం ఆ పొయ్యి ఇద్దరినీ ఏడిపించింది. ఇటుకల మధ్య పాత సున్నం రాలిపోయి పగుళ్లు పడ్డాయి. పైకి పోవలసిన పొగ గదిలోకి వచ్చేది. పెద్దమ్మగారిది అసలే పిల్లికూతల ఛాతీ. మంట వేస్తే పొగకి దగ్గు, వెయ్యకపోతే చలికి దగ్గు. ఒకరోజు ఊపిరాడక జీపులో ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. కింద నర్సీపట్నంలో ఉండే వాళ్ల తమ్ముడి కొడుకు పరిగెత్తుకొచ్చి, పెద్దత్తని నా దగ్గరికి పంపించెయ్యండి, ఈ చలి ఆవిడకి పడదు అన్నాడు. మంచివాడే. మాట తప్పు కాదు. కానీ బడి వదిలి, ఈ కొండ వదిలి టీచరమ్మ కదలరు. ఆఖరికి ముగ్గురూ ఒక మాట అనుకున్నారు. వచ్చే చలికాలం గదిలోకి పొగ వస్తే పెద్దమ్మగారు కిందికి వెళ్లిపోవాలి. రాకపోతే అక్కచెల్లెళ్ళిద్దరూ ఇక్కడే.

అక్కణ్ణుంచి టీచరమ్మకి గోడపొయ్యి తప్ప వేరే లోకం లేదు. ఆవిడ సంచిలో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. ఒకరోజు నన్ను పిలిపించి చూపించారు. పొయ్యి లోపల తల దూర్చి, ప్రతి పగులు చుట్టూ సుద్దతో సున్నా చుట్టారు, పరీక్ష పేపర్లో తప్పులు దిద్దినట్టు. ఈ పొయ్యి తప్పిందండీ, పాసవ్వదు అన్నాను. "ఎవుడైనా పాసవుతాడు, దగ్గర కూకుని సెప్పీవోళ్లుండాలి," అన్నారు. పాఠం చెప్పేటప్పుడు పుస్తకాల తెలుగు, నాతో మాట్లాడేటప్పుడు ఇది. నేను మైదానంలో చదువుకున్న వాణ్ణని ఆవిడకి నా మీద జాలి. నా చేతిలో పడుంటే బాగుపడుదువు, ఇలా ఇనపకొట్లో కూర్చునేవాడివి కాదు అనేవారు. ఆ కొట్టే లేకపోతే మీకు పొద్దెలా పోతుందండీ అని నేనూ ఊరుకునేవాణ్ణి కాదు.

మొదట మేస్త్రి వచ్చి మామూలు సిమెంటు, ఇసుక కలిపి పూశాడు. వారం పాటు శుభ్రంగా నీళ్లు కొట్టారు. మంట వేసిన పూటే టప్పున పేలి ఒక ముక్క వెళ్లి గోడ మీద కేలండరుకి తగిలింది. టీచరమ్మ ఆ ముక్కని కాగితంలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఏం మాట్లాడకుండా నిలబడ్డారు. ఆ నిలబడ్డం ఆవిడ దగ్గర చదివిన వాళ్లందరికీ తెలుసు. నాకు ఆరోజే తెలిసింది.

తర్వాత కొండ మీది ఊళ్ల నుంచి ఆవిడ పాత పిల్లల తల్లులు బుట్టల్లో పుట్టమన్ను తెచ్చి అలికారు. వాళ్ల పొయ్యిలన్నీ దాంతోనే నిలుస్తాయి. కింది భాగం బాగానే ఉంది. కానీ వాళ్లు పొద్దున్నే లేచి పొయ్యి అలుక్కుంటారు కాబట్టి వాళ్లకి నిలుస్తుంది. పొగగొట్టం గొంతులోకి రోజూ ఎవరు దూరతారు? పైన పూసింది ఎండి రాలిపోయింది.

అప్పుడు వేడికి తట్టుకునే సిమెంటు ఒకటుందని, కలిపేసిన ముద్దలాగే డబ్బాలో వస్తుందని విశాఖపట్నంలో తెలిసినాయన చెప్పాడు. ఈ కొండల్లో అది అడిగినవాడు లేడు, నేను తెప్పించిందీ లేదు. తెప్పిస్తానన్న రోజు నుంచీ టీచరమ్మ నన్ను బతకనివ్వలేదు. పొద్దున బడి గంట వేళకి ఫోన్ వచ్చేది, డబ్బా ఒచ్చిందేటి అని. చలి మొదలైపోయింది, అక్క దగ్గుతోంది అనేవారు. ఆవిడ గొంతులో భయం నేను విన్నది ఆ రోజుల్లోనే.

డబ్బా వచ్చాక దాని మీద రాసింది కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, నా చేత తిరిగి చెప్పించుకున్నారు. పలచగా పూయాలి. నీళ్లు కొట్టకూడదు, ఇది నీళ్లతో గట్టిపడే రకం కాదు, వేడితో గట్టిపడేది. ఒకరోజు ఆరనివ్వాలి. తర్వాత రోజూ కొంచెం కొంచెంగా మంట పెంచాలి. మొదటి రోజే భోగిమంట వేస్తే బుడగలొచ్చి ఊడిపోతుంది. నీళ్లు కొట్టకపోతే అదేం సిమెంటండీ అని నేనే నమ్మలేకపోయాను. "సెప్పింది సెయ్యి. మంటకి తొందర నేర్పకూడదు, నేర్పితే అదే నేర్సుకుంటది," అన్నారు. ఈ మాట చాలామంది తల్లిదండ్రులతో వాళ్ల పిల్లల గురించి కూడా అనేవారట. నాకు తర్వాత తెలిసింది.

ఇద్దరం కలిసే పూశాం. పాత చీర కుచ్చిళ్లు దోపుకుని, తలకి తువ్వాలు కట్టుకుని, నేను బ్రష్షుతో బూడిద దులుపుతుంటే ఆవిడ చేతికందినంత మేర వేలితో నింపుతూ పోయారు. పైన గొంతులోకి నేను దూరాను. అక్కడ మిగిలింది, ఇక్కడ వదిలేశావు అని కింద నుంచి టార్చి వేసి ఒకటే పోరు. చిన్న పగులే పొగకి పెద్ద వాకిలి అన్నారు. పెద్దమ్మగారు కుర్చీలోంచి ఇద్దరినీ కలిపి తిట్టారు, ఇల్లంతా మసి చేస్తున్నారని. మర్నాడంతా ఆరనిచ్చి, తర్వాత రోజు ప్రమిదంత మంట పెట్టారు. ఆ మర్నాడు దానికి రెండింతలు. ఆ రెండో మంట ముందు కూర్చునే ఆవిడ పోయారు.

సమాధి తోటకి ఊరంతా వచ్చింది. ఆవిడ దగ్గర చదివిన జీపు డ్రైవర్లు బళ్లు రోడ్డు పక్కన ఆపేసి వచ్చారు. నాకు మాత్రం అదంతా ఎవరికో జరుగుతున్నట్టుంది. మట్టి వేసి తిరిగొస్తుంటే, బుగ్గ మీద సిమెంటు అంటిందని మొన్న ఆవిడ నన్ను చూసి నవ్విన సంగతే గుర్తొస్తోంది.

గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నీళ్ల చప్పుడు. శవం లేచాక ఇల్లు కడగడం మాకు కింద అలవాటు, కింద నుంచి వచ్చిన చర్చి సంఘం ఆడవాళ్లకీ అలవాటే. మతం మారినా బిందె మారలేదు. పాపం ఏడుస్తూనే గది కడిగారు, గోడలు కడిగారు. ఆవిడ కన్ను మూసిన చోటు కదా అని గోడపొయ్యి లోపల బిందెలతో నీళ్లు కుమ్మరించి చీపురుతో రుద్దారు. ఇంకా పూర్తిగా గట్టిపడని సిమెంటు బూడిదరంగు చారలై గచ్చు మీద పారుతోంది. టీచరమ్మ వేలితో నింపిన కింది వరసలన్నీ పోయాయి.

నేను గట్టిగా అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. వాళ్లు చీపుళ్లు పట్టుకుని బిక్కచచ్చిపోయి నిలబడ్డారు. ఆవిడ పోయినప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. ఆవిడ చేతిపని అలా మురిక్కాలవలోకి పోతుంటే చూడలేకపోయాను.

పెద్దమ్మగారే పిలిచారు. "డబ్బాలో ఇంకేటైనా మిగిలిందా?" అన్నారు. మిగిలిందన్నాను. "అయితే ఆళ్లని తిట్టకు. ఇటుకలు ఆరినాక మళ్లీ పుయ్యి. సెల్లి ఏటన్నాదో అదే సేద్దాం. పొగ రాకపోతే నాను ఇక్కడే."

అన్న మాట ప్రకారం మేనల్లుడు ఆగాడు. తీసుకెళ్లడానికే వచ్చినవాడు, తానే టార్చి పట్టుకుని నిలబడ్డాడు. ఇటుకలు ఆరాక నేను మళ్లీ పూశాను. అక్కడ మిగిలింది అనేవాళ్లు లేరు. లేరు కాబట్టి ప్రతి సందూ రెండుసార్లు చూసుకున్నాను. చావింట్లో మంటేమిటని ఎవరో గొణిగితే, బైబిల్లో అలా ఎక్కడా లేదని పాస్టరు గారు సర్దిచెప్పారు. మొదట ప్రమిదంత మంట. మర్నాడు రెండింతలు. తర్వాత ఇంకొంచెం. ఆడవాళ్లు, నేను తిట్టిన ఆ ఆడవాళ్లే, రోజూ ఎండిన కాఫీ కొమ్మలు తెచ్చి గుమ్మంలో పడేసి వెళ్లేవారు.

పూర్తి మంట వేసిన రోజు మంచు బాగా పట్టి ఉంది. మేనల్లుడు బయటికి పరిగెత్తి పైకి చూసి, పొగంతా గొట్టంలోంచే పోతోందని కేకేశాడు. గదిలో పొగ అనేదే లేదు. పెద్దమ్మగారి కుర్చీ దగ్గరికి జరిపాం. ఆవిడ శాలువా తీసేశారు. చాలాసేపు దగ్గు లేదు. ఎలా ఉందండీ అన్నాను, నా గొంతులో కొంచెం గర్వం కూడా ఉందేమో.

"ఎచ్చగా ఉంది నాయనా," అన్నారు. మళ్లీ కాసేపటికి, "ఎచ్చగా ఉందే అని ఎవుల్తో అందును?" అన్నారు.

ఆ మధ్యాహ్నమే మేనల్లుడితో బయల్దేరిపోయారు. కారెక్కేటప్పుడు నా చెయ్యి తడిమి పట్టుకుని, పొయ్యి బాగా కుదిరింది అన్నారు. అంతే.

మంట ఉన్న ఇంటికి తాళం వేసి వెళ్లకూడదు కదా. నిప్పులు చల్లారేదాకా ఉందామని నేనొక్కణ్ణీ ఆ గదిలో కూర్చున్నాను. ఇంత పని చేసి, ఎవరి కోసం చేశామో వాళ్లిద్దరూ లేని ఇంట్లో చలి కాచుకుంటున్నాను. బయట రోడ్డు మీద జీపు ఆగిన చప్పుడైంది. ఒకావిడ చంకలో బిడ్డతో, చేతిలో రాజ్మా సంచితో ఎత్తెక్కి వచ్చింది. పెదబయలు అవతలి ఊరట, అక్కడ సిగ్నలు ఉండదు. చిన్నప్పుడు ఇక్కడి హాస్టల్లో ఉండి చదువుకుందట. గొట్టంలో పొగ కనిపించి జీపు ఆపించానంది.

"గోడపొయ్యి బాగైపోనాదే. ఎంతెచ్చగుందో," అని నవ్వుతూ బిడ్డని దించి, చలికి కొంకర్లు పోయిన చేతులు రెండూ మంట ముందు చాపింది. "టీచరమ్మేరి?"

ఆ చేతులు కాస్త వెచ్చబడేదాకా నేనేమీ చెప్పలేదు.